గట్టు మీది ఈత

మా మేనకోడలు ఫ్రాన్స్‌లో నాంట్ అనే ఊళ్లో చదువుతోంది. మొన్న జనవరిలో సెలవులకు వస్తూ రెండు వైన్ సీసాలు తెచ్చింది. మా ఇంట్లో ఆడపిల్ల బ్యాగులోంచి సీసా బయటికి రావడం అదే మొదటిసారి, మా అక్క కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. "అమ్మా, అక్కడ ఇది అన్నంతోపాటు తాగుతరు, మనం మజ్జిగ తాగినట్టు" అని పిల్ల సర్దిచెప్పబోయింది. మజ్జిగ కాదని అక్కకు తెలుసు, నాకూ తెలుసు, గ్లాసులు కడిగి తెచ్చిన మా ఆవిడకు ఇంకా బాగా తెలుసు. కానీ పిల్ల ఆ సీసా తెచ్చింది మత్తు కోసం కాదు, నాతో కొట్లాడటం కోసం.

"మామా, దీని మీద ఏం రాసుందో చూడు. గ్రానైట్. నీ రాయే."

అది మస్కాడే అనే తెల్ల వైన్. నాంట్ నుంచి ఆగ్నేయంగా పోతే 30 కిలోమీటర్ల లోపే క్లిసోన్ అనే చిన్న ఊరు ఉంది, ఆ చుట్టుపక్కల తోటల్లో పండిన ద్రాక్షతో చేసింది. అక్కడ నేల కింద ఉన్నది గ్రానైట్. పక్కనే గోర్జ్ అనే ఊళ్లో గాబ్రో అనే నల్లరాయి. ఒకే ద్రాక్ష, ఒకే పద్ధతి, రాయి మారితే సీసా మీద పేరు మారుతుంది. 2011లో ఈ ఊళ్ల పేర్లకు విడిగా గుర్తింపు ఇచ్చారు. క్లిసోన్ అని రాసుకోవాలంటే వైన్‌ని కనీసం 24 నెలలు దాని అడుగు మడ్డి మీదే నిలవ ఉంచాలి. సీసా వెనక చుక్కలతో గీసిన ఆకుపచ్చ ఆకు బొమ్మ కూడా ఉంది, సేంద్రియం అని యూరప్ వాళ్లు వేసే గుర్తు. దీనంతటినీ కలిపి వాళ్లు ఒక మాట అంటారు, టెర్వా. మట్టి, రాయి, వాలు, ఎండ, వాన, మనిషి చేయి, అన్నీ కలిసి ఒక చోటికి ఇచ్చే గుణం. తెలుగులో దానికి సరిపోయే ఒక్క మాట దొరకక పిల్ల "నేల గుణం" అంది. నాకూ అంతకంటే మంచిది తోచలేదు.

నాతో ఎందుకు కొట్లాట అంటే, నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ నల్లగొండ జిల్లాలో నీళ్ల శాంపిళ్లు పరీక్షించాను. బోరు నీళ్లు, బావి నీళ్లు, చెరువు నీళ్లు. రాయి అంటే నాకు కవిత్వం కాదు, రిపోర్టులో ఒక గడి. పైగా మా మర్రిగూడ దిక్కు ఎటు చూసినా గ్రానైటే, గుట్టలే, బండలే. బండ మీద బండ పేర్చినట్టుండే ఆ గుట్టలు చూసి పట్నం వాళ్లు ఫొటోలు తీసుకుంటారు. మేం మాత్రం వాటి కింద నీళ్లు ఎన్ని అడుగుల్లో పడతాయా అని చూస్తాం.

సరే, తాగాను. చల్లగా, పుల్లగా, నిమ్మచెక్క నాకినట్టు మొదలైంది, మధ్యలో కొంచెం ఉప్పగా అనిపించింది, చివర్లో బత్తాయి తొక్క లోపలి తెల్ల పొర నమిలితే వచ్చే చిరుచేదు. బాగుందా అంటే బాగుంది. రెండో గుక్కకి ఇంకా బాగుంది. "రాయి రుచి తెలుస్తోందా మామా? తడి రాయి?" అని పిల్ల నా మొహంలోకి చూస్తోంది.

తెలియలేదు. తెలియదు కూడా, ఎవరికీ తెలియదు. ఈ మాట నేను మొండికేసి అంటున్నది కాదు. వేల్స్‌లోని అబరిస్ట్విత్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన అలెక్స్ మాల్ట్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఎన్నో ఏళ్లుగా ఇదే మొత్తుకుంటున్నారు. రాతిలో ఉండే ఖనిజాలు నీళ్లలో అంత తేలిగ్గా కరగవు, వాటికి వాసనా లేదు రుచీ లేదు. తీగ వేళ్లు పీల్చుకునేది రాతిని కాదు, కరిగిన పొటాషియం, కాల్షియం లాంటి పోషకాలను, వాటిలోనూ కొంత భాగం మట్టిలో కుళ్లిన ఆకూ అలములోంచి వస్తుంది. అవి ద్రాక్షలోకి వచ్చి, పులిసి, వైన్‌గా మారేసరికి మిగిలేది నాలుకకు అందేంత ఉండదు. ఇక తడి రాయి వాసన అంటామే, మొదటి వాన చుక్క పడగానే గుప్పుమంటుంది, అది కూడా రాయిది కాదు. 1964లో ఆస్ట్రేలియాలో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు దాన్ని పట్టి చూశారు. ఎండాకాలమంతా మొక్కల నుంచి వచ్చిన నూనెలు రాతి మీద, మట్టి మీద పేరుకుంటాయి, వాన పడగానే లేస్తాయి. మట్టిలో బతికే సూక్ష్మజీవులు తయారుచేసే ఇంకో పదార్థమూ దానికి తోడవుతుంది. అంటే బండను ముక్కు దగ్గర పెట్టుకుని మనం వాసన చూసేది చెట్టునీ పురుగునీ.

పిల్లకి ఇదంతా చెప్పాక నేను ఊరుకుంటే అయిపోయేది. ఊరుకోలేదు. రాయి నిజంగా ఒంట్లోకి దిగితే ఎట్లుంటుందో చూడాలంటే క్లిసోన్ పోనక్కర్లేదు, మన మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ చాలు అన్నాను.

మా గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ, నీళ్లలో కాల్షియం తక్కువ, క్షారం ఎక్కువ. అలాంటి నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలిస్తే ఫ్లోరైడ్ కరిగి నీళ్లలోనే ఉండిపోతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రమాణం. నా ముందుకు వచ్చిన సీసాల్లో దానికి ఎన్నో రెట్లున్నవి ఎన్నో. పళ్ల మీద గోధుమ రంగు చారలు, వంగిన కాళ్లు, ముప్పై ఏళ్లకే బిగుసుకుపోయిన నడుములు. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటి తయారుచేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. మా జిల్లా పేరు ప్రపంచమంతా పుస్తకాల్లోకెక్కింది అట్లా. మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చాక గానీ పరిస్థితి మారలేదు.

చెప్పొచ్చేదేమిటంటే, ఫ్లోరైడ్‌కు రుచి లేదు. ఆ నీళ్లు తాగినవాళ్లలో ఎవరికీ నాలుక మీద ఏమీ తెలియలేదు. రుచి ఉందని చెప్పుకునే చోట రాయి సీసాలోకి రాలేదు, ఎముకల్లోకి వచ్చిన చోట దానికి రుచే లేదు. నేల గుణం అని ఎవరైనా మురిసిపోతుంటే నాకు ముందు ఈ లెక్క గుర్తొస్తుంది, ఏం చేయను.

అయితే పిల్ల అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "మరి రాయి మారితే వైన్ ఎందుకు మారుతుంది?" అంది. మారుతుంది, అది నేనూ కాదనను. రాయి చేసే పని నీళ్లకు సంబంధించింది. గ్రానైట్ చివికితే గరుకు ఇసుక లాంటి పలుచని మట్టి వస్తుంది, వాన నీళ్లు ఆగవు, పగలు తొందరగా వేడెక్కుతుంది. అలాంటి చోట తీగ బరువుగా పెరగదు, కాయ చిన్నగా, చిక్కగా వస్తుంది. మన ఎర్ర చెల్క కూడా ఇదే, అదే రాయి చివికి అయిన మట్టి. బత్తాయి చెల్కలో బతుకుతుంది, నీళ్లు నిలిచే నల్లరేగడిలో వేర్లు కుళ్లి చస్తుంది. నల్లగొండకు బత్తాయి రావడానికి కారణం బత్తాయి రుచి తెలిసిన మారాజులు కాదు, నీళ్లు ఆగని నేల. తేడా వానలో ఉంది. వాళ్లకు వాన ఏడాది పొడుగునా కొంచెం కొంచెం పంచినట్టు పడుతుంది. మనకు నాలుగు నెలల్లో ఎత్తి పోసి మిగతా ఎనిమిది నెలలు మొహం చాటేస్తుంది. వాళ్లకు ప్రాణగండం చలి. 1709 చలికాలం నాంట్ చుట్టూ తోటల్ని మాడ్చేస్తే, చలికి తట్టుకుంటుందని బుర్గుండీ నుంచి వచ్చిన మెలోన్ అనే ద్రాక్షే నిలబడింది. మా పిల్ల తెచ్చిన మస్కాడే కూడా దాంతోనే. మన దగ్గర ద్రాక్ష తీగకు చలి నిద్రే లేదు, ఏప్రిల్‌లో ఒకసారి అక్టోబర్‌లో ఒకసారి కత్తిరించి మనమే దానికి కాలం మారిందని చెప్పాలి.

ఇక ఆ ఆకుపచ్చ ఆకు సంగతి. సేంద్రియం అనగానే మన వాళ్లు మందు కొట్టనిది అనుకుంటారు. మా పిల్ల కూడా అట్లే అనుకుంది. యూరప్ సేంద్రియ తోటల్లో రాగి మందు కొడతారు, గంధకం కొడతారు. 2019 నుంచి దానికి ఉన్న పరిమితి హెక్టారుకు ఏడేళ్లలో మొత్తం 28 కిలోల రాగి. బూజు తెగులుకు వాళ్లకు ఇంకో దిక్కు లేదు. ఈ రాగి మందు ఏమిటో మన రైతుకు బాగా తెలుసు, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. ఆ పేరు బోర్డో అనే ఫ్రెంచి ఊరిదే, దారిన పోయేవాళ్లు ద్రాక్ష కోయకుండా వాళ్లు తీగల మీద చల్లిన నీలం రంగు నీళ్లు బూజును కూడా ఆపాయని 1880ల్లో మిలార్దే అనే ఆయన గమనించాడు. మా నాయన బంక తెగులుకు బత్తాయి మొదళ్లకు అదే పేస్టు పూసేవాడు, చేతులు వారం దాకా నీలంగా ఉండేవి. ఆయన పండించిన బత్తాయిని ఎవరూ సేంద్రియం అనలేదు, ఆయనకూ ఆ మాట తెలియదు. వైన్ చెడకుండా కలిపే సల్ఫైట్ల విషయంలోనూ అంతే, సేంద్రియ తెల్ల వైన్‌లో లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, మామూలు దాంట్లో 200. ఆ ఆకు బొమ్మ అబద్ధమని నేననడం లేదు. అది చెప్పేది "ఏమీ వేయలేదు" అని కాదు, "ఏం వేశామో ఒకడు వచ్చి లెక్క చూశాడు" అని. నా దృష్టిలో రెండో మాటే పెద్దది. శాంపిళ్లు చూసి బతికినవాణ్ణి కదా.

మర్నాడు తెల్లారగట్ల పిల్లను మా ఊరి గౌడన్న దగ్గరికి తీసుకుపోయాను. ఈత కల్లు కాలం, చలి ఇంకా ఉంది, మంచు దిగుతోంది. మోకు వేసుకుని ఆయన ఎక్కుతుంటే పిల్ల నోరు తెరిచి చూసింది. ఈత చెట్టును గీసే తీరు వేరు. తాడుకైతే గెల కొన కోస్తారు, ఈతకు మొవ్వు దగ్గర కాండాన్నే చెక్కుతారు. ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు ఇంకో పక్క, అందుకే ముదురు ఈత చెట్టు మొదలు నుంచి చూస్తే అటో గాటు ఇటో గాటు, వంకరటింకరగా పైకి పోతుంది. గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో తెలుస్తుంది. వైన్ సీసా మీద సంవత్సరం అచ్చేస్తారు, ఇక్కడ చెట్టు ఒంటి మీదే రాసి ఉంది. పిల్ల పదకొండు దాకా లెక్కపెట్టి మెడ నొప్పి అంది.

రేకలో పోసి ఇచ్చాడు. తియ్యగా మొదలై, నురగ కింద సన్నగా గరగరమని, పుల్లదనం ఇంకా పూర్తిగా రాకముందు ఉండే కల్లు. ఎవరూ ఈస్టు కలపలేదు, లొట్టిలో, గాల్లో ఉన్నదే రాత్రంతా పని చేసింది. ఎరువు వేయలేదు, మందు కొట్టలేదు, బోరు నీళ్లు పెట్టలేదు. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, సాయంత్రానికి పులిసి పోతుంది, 24 నెలలు కాదు 24 గంటలు ఆగదు. నేను కావాలనే అడిగాను, ఏ చెట్టుది మంచిగుంటది గౌడన్నా అని.

"గట్టు మీది చెట్టుది తక్కువొస్తది సారూ, గని చిక్కగుంటది. చెర్వు కింది చెట్టుకు లొట్టి నిండుతది, నీళ్లోలె ఉంటది. మా నాయిన గట్టు మీదిది ఇంటికి తెచ్చుకునేటోడు, చెర్వు కిందిది అమ్మేటోడు."

పిల్ల నా వైపు చూసింది. నేనేం మాట్లాడలేదు. నిన్న రాత్రి చలువ సీసా ముందు పెట్టుకుని గంటసేపు చెప్పింది ఆయన మూడు ముక్కల్లో చెప్పేశాడు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది, మన కల్లే గొప్ప అని చెప్పి అందరం చప్పట్లు కొట్టుకునేవాళ్లం. కానీ మా బాబాయి సంగతి చెప్పకుండా ఈ రాత రాస్తే అది మోసం. ఆయన పాలమూరు దిక్కు పనికి పోయినప్పుడు రోజూ ఒక కల్లు దుకాణంలో తాగేవాడు. అక్కడ చుట్టుపక్కల అన్ని సీసాలకు సరిపడా చెట్లు లేవు, ఆ లెక్క ఎవరైనా వేళ్ల మీద వేయొచ్చు. నీళ్లు, శాకరిన్, నురగ, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, అది దొరకనప్పుడు డయాజెపామ్, అల్ప్రాజోలమ్. బాబాయి తాగుతున్నది కల్లు అనుకున్నాడు, ఒళ్లు అలవాటు పడింది మందుకు. ఒకసారి దుకాణం మూతపడితే రెండో రోజు నుంచి చేతులు వణకడం, ఎవరో పిలుస్తున్నారని లేచి పరుగెత్తడం, మూడో రోజు ఫిట్స్. 2015 సెప్టెంబరులో తనిఖీలు గట్టిగా జరిగి కల్తీ ఆగిపోయినప్పుడు మహబూబ్‌నగర్ సహా కొన్ని జిల్లాల ఆసుపత్రులు ఇలాంటి వాళ్లతోనే నిండాయి. బాబాయి బతికాడు, కానీ ముందున్న మనిషి కాడు. చెట్టు దాకా సేంద్రియమే, లొట్టి దిగినాక ఏమైందో చూసేవాడు లేడు.

ఇది చెప్తే మా వాళ్లలో చదువుకున్నవాళ్లు "అందుకే కల్లు మానేసి మంచి బ్రాండ్ తాగాలి" అంటారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మనం విస్కీ, బ్రాందీ అమ్మే దుకాణానికి వైన్స్ అని బోర్డు పెట్టుకున్నాం, లోపలికి పోయి వైన్ అడిగితే దుమ్ము పట్టిన ఒక సీసా తీసి విచిత్రంగా చూస్తారు, బయట పర్మిట్ రూమ్‌లో విస్కీ. వైన్ అంటే నాగరికం, కల్లు అంటే కూలోళ్ల మత్తు. ఆ చులకన వెనక కులం కూడా ఉంది, లేదని ఎవరన్నా నేను నమ్మను. కానీ అసలు విషయం వేరే. ఫ్రాన్సు వాళ్ల మట్టి పేర్లు స్వచ్ఛతలోంచి పుట్టలేదు, కల్తీలోంచి పుట్టాయి. 19వ శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా పురుగు తోటల్ని తినేశాక ఎండు ద్రాక్షతో, చక్కెర నీళ్లతో, బయటి సరుకుతో దొంగ వైన్ పారింది. 1905లో కల్తీ మీద చట్టం చేశారు. 1911లో షాంపేన్‌లో బయటి ద్రాక్ష తెస్తున్నారని రైతులు గోడౌన్లు పగలగొట్టారు. 1935లో పేరు, ఊరు, ద్రాక్ష, పద్ధతి కట్టడి చేసే విధానం వచ్చింది, మా పిల్ల తెచ్చిన సీసా మీద ఊరి పేరు ఆ గొడవ మనవరాలే.

ఆస్ట్రియా సంగతి ఇంకా దగ్గరిది. 1985లో కొందరు వ్యాపారులు వైన్ తియ్యగా, చిక్కగా అనిపించాలని డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిపారని బయటపడింది. మన కల్లులో క్లోరల్ కలిపిన బుద్ధికీ దానికీ తేడా ఏముంది? వాళ్ల ఎగుమతులు కూలిపోయాయి. అదే ఏడాది చాలా కఠినమైన చట్టం తెచ్చుకున్నారు. ఇవాళ అదే దేశం వైన్‌కు, అందులోనూ సేంద్రియ తోటలకు, మంచి పేరుంది. "వైన్ పాడైంది కాబట్టి బీరు తాగండి" అని అక్కడి ప్రభుత్వం చెప్పి ఉంటే ఆ పేరు వచ్చేది కాదు.

మన దగ్గర ఇలాంటి పని కొన్నింటికి చేశాం. పోచంపల్లి చీరకు, గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2022లో తాండూరు కందిపప్పుకు వచ్చింది, అది పూర్తిగా నేల మీద ఆధారపడిన వాదనే. గోవా వాళ్లు జీడిమామిడి ఫెనీకి 2009లోనే తెచ్చుకున్నారు, తాగేది కదా అని సిగ్గుపడలేదు. మన హైదరాబాద్‌లో 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ పెట్టారు, మంచిదే, పులవకుండా ఆపిన చెట్టు రసం, పిల్లలు కూడా తాగుతారు. కానీ కల్లు పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

తాగుడును నెత్తిన పెట్టుకోమని నేను చెప్పడం లేదు, మా బాబాయిని చూసినవాణ్ణి ఆ మాట ఎట్లా అంటాను. ఎంత తాగాలన్నది ఒక ప్రశ్న, తాగేదాంట్లో ఏముందన్నది ఇంకో ప్రశ్న, రెండోదానికి జవాబు లేకుండా మొదటిదాని మీద ఉపన్యాసాలిస్తే బాబాయి లాంటివాళ్లు చస్తారు. ఊరి పేరు, గీత కార్మికుల సొసైటీ పేరు, ఏ రోజు దింపారో రాసిన ఒక చిన్న చీటీ, వారానికి ఒక శాంపిల్ ల్యాబుకు. క్లోరల్‌ను పట్టుకోవడం పెద్ద విద్య కాదు. గట్టు మీదిది, చెరువు కిందిది అని రెండు ధరలు పెట్టుకుంటే గౌడన్న ఇంటికి తెచ్చుకునే కల్లుకు కూడా ఒక రేటు వస్తుంది.

ఇంకో సంగతి, దీనికి సగం పని ఎప్పుడో అయిపోయింది. మేం దిగివచ్చేటప్పుడు పిల్ల చెట్టు మొదట్లో సున్నంతో వేసిన అంకెలు చూసింది. ఇదేంటి మామా అంది. ఎక్సైజ్ వాళ్ల నంబర్, గీసే ప్రతి చెట్టుకూ వేస్తారు, ఏ సొసైటీది, ఏ లైసెన్సుది అని లెక్క ఉంటుంది అని చెప్పాను. క్లిసోన్‌లో తోట ముక్కలకు ఉన్నట్టే చెట్టు చెట్టుకూ పుస్తకంలో పద్దు ఉంది, పన్ను కోసం మొదలైన పద్దు. దాన్ని రుచి కోసం తిరగేయాలని ఎవరికీ తోచలేదు అంతే.

పిల్ల ఆ నంబరును ఫోన్‌లో ఫొటో తీసుకుంది. రేక అడుగున మిగిలింది నాకిచ్చి, నాంట్‌లో వాళ్ల ప్రొఫెసర్‌కి చూపిస్తానంది. గౌడన్న నవ్వాడు.

"ఫొటో ఎందుకు బిడ్డా, రేపు పొద్దుగాల్ల రా. రేపు దీని వంతు కాదు, పక్క చెట్టుది పోస్త. గది ఇంకా మీదికుంటది గట్టుకు."

మా అక్క మాత్రం రెండో సీసాని ఇంకా తెరవనివ్వలేదు. ఫ్రిజ్‌లో ఆవకాయ జాడీ వెనక ఉంది.